ఒడుగు పందిట్లో అష్టావక్రుని హరికథ

శుభకార్యాలకు హరికథ పెట్టించుకొనే ఆచారం గోదావరి జిల్లాల్లో ఇంకా పూర్తిగా పోలేదు గాని, చెప్పించుకొనే కథల పట్టిక మాత్రం బాగా కుదించుకుపోయింది. పెళ్ళికి సీతాకల్యాణమో రుక్మిణీకల్యాణమో, గుడి ఉత్సవానికి ప్రహ్లాద చరిత్రో మార్కండేయ చరిత్రో, అంతటితో సరి. మా అన్నయ్య కొడుకు ఒడుగు (ఉపనయనం) ముందురోజు సాయంత్రానికి మేము కోరింది వీటిలో ఏదీ కాదు, భారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుని కథ. ఒడుగు నాడు తండ్రి కొడుకును పట్టుబట్ట చాటున కూర్చోబెట్టుకొని చెవిలో గాయత్రి చెబుతాడు. తండ్రి నోటి వేదాన్ని పుట్టకముందే విని, అందులో తప్పుపట్టి, ఆ నోటనే శాపం పొందిన కొడుకు కథను అటువంటి పందిట్లో వినిపించమనడం కొంత సాహసమే. దానికి ఒప్పుకొని, కొత్తగా కథ కట్టుకొని వచ్చి చెప్పిన భాగవతారిణి గారి బృందాన్ని పిలవాలనుకొనేవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. మెప్పుతో పాటు కొన్ని అభ్యంతరాలు కూడా ఉన్నందున వారి పేరు, ఊరు రాయడం లేదు.

బృందంలో ముగ్గురే: భాగవతారిణి గారు, వయొలిన్‌కు ఒకరు, మృదంగానికి ఒకరు. ఫోనులో ఆమె సంభావన మాట ఎత్తకముందే, వినేవారిలో పిల్లలు ఎందరుంటారు, వేదం చదువుకున్నవారు వస్తారా, వడ్డన ఎన్ని గంటలకు మొదలుపెడతారు అని అడిగారు. ఈ మూడో ప్రశ్న అడగని బృందాల కథలు సగంలోనే విస్తళ్ళ చప్పుడులో కలిసిపోవడం మనం చాలా పందిళ్ళలో చూస్తున్నదే. అష్టావక్రుని కథ తన దగ్గర సిద్ధంగా లేదని, గడువు ఇస్తే కట్టుకుంటానని, అందుకు మామూలు సంభావన మీద కొంత అదనం అవుతుందని దాపరికం లేకుండా చెప్పారు. హరికథకు వచనం ఒక్కటే చాలదు. పద్యాలు, కీర్తనలు, వాటికి తగిన రాగతాళాలు, నడుమ పిట్టకథలు అన్నీ పేర్చుకోవాలి. కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, పాట, మాట, ఆట మూడింటినీ ఒక్కరే నడిపే ఈ కళకు తెలుగునాట పితామహుడనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తన కథలు తానే రాసుకున్నారు. ఉన్న కథనే వల్లించేవారు ఎక్కువైన ఈ రోజుల్లో కొత్త కథ కట్టే ఓపిక ఉన్నవారు దొరికితే, ఆ అదనం గురించి బేరమాడకూడదని నా అభిప్రాయం.

ఒప్పుకొనే ముందు ఆమె ఇంకొక మాట అన్నారు: "పెద్దవారిని ఒకసారి అడిగి చెప్పండి. తండ్రి కొడుకును శపించే ఘట్టం ఉంది కదండీ, కార్యం ముందురోజున అది వినడం వారికి సమ్మతమేనా?" అని. మా నాన్నగారు ఫోను అందుకొని, "ఇచ్చినవాడే తీర్చే శాపం కదమ్మా, నిక్షేపంగా చెప్పు" అన్నారు.

కథ ఉద్దాలక మహర్షి ఆశ్రమంలో మొదలవుతుంది. ఆయన శిష్యులలో కహోడుడు ఒకడు. మన వైపు కథ చెప్పేవారు ఇతనిని ఏకపాదుడని కూడా అంటారు. శుశ్రూషకు మెచ్చిన గురువు అతనికి విద్యతో పాటు తన కూతురు సుజాతనూ ఇచ్చాడు. సుజాత కడుపులోని శిశువు తండ్రి చేసే అధ్యయనాన్ని వింటూ వింటూ ఒకనాడు, రాత్రంతా చదువుతున్నావు గాని అది సరిగా కుదరడం లేదు నాన్నా అన్నాడు. శిష్యుల నడుమ తలవంపులైన కహోడుడు, కడుపులో ఉండగానే ఇంత మాట అన్నావు కనుక ఎనిమిది వంకరలతో పుట్టు అని శపించాడు.

ఈ ఘట్టం నడపడంలోనే భాగవతారిణి గారి విద్వత్తు తెలిసిపోయింది. ఆమె వేదమంత్రాన్ని నేరుగా ఎత్తుకోలేదు. వల్లె వేసే ధోరణిని మాత్రం మూడు స్వరాల మీద నిలిపి, ఒకచోట కావాలనే స్వరం జార్చారు. ముందు వరుసలో కూర్చున్న, వేదం క్షుణ్ణంగా చదివిన ఘనాపాఠి గారు చటుక్కున తలెత్తారు. వెనుక ఉన్నవారికి ఏమీ తెలియలేదు. ఆ క్షణంలోనే చిరుతలు, మృదంగం ఆగిపోయి, వయొలిన్ ఒక్కటి మంద్రంలో షడ్జం పట్టుకొని ఉండగా శిశువు మాట వినిపించింది. పసిపిల్లల గొంతు అనుకరించి నలుగురినీ నవ్వించడానికి అక్కడ మంచి వీలుంది; ఆమె దాని జోలికి పోలేదు. పెద్దవారు మాట్లాడినట్లే, మెల్లగా, గౌరవంగా అన్నారు. అందువల్ల ఆ తరువాత వచ్చిన తండ్రి కోపం మరింత అన్యాయంగా తోచింది. అలాగని కహోడుడిని దుర్మార్గుడిగా చూపించారనీ కాదు. శిష్యుల ముందు చిన్నబోయిన గురువు ముఖం ఎలా ఉంటుందో ముందు చూపించి, శాపవాక్యాన్ని ఆ తరువాత పలికారు.

పదో నెల వచ్చింది, ఇంట్లో ఏమీ లేదు, పురుడు ఎలా గడుస్తుంది అని సుజాత భర్తను చాటుగా అడిగిన మాటలను నాదనామక్రియ రాగంలో కీర్తనగా కట్టారు. ఆ మాట మీదనే కహోడుడు ధనం కోసం మిథిలలో జనకుని సభకు వెళ్ళి, వంది అనే వాదితో తలపడి ఓడిపోయాడు. ఓడినవారిని నీట ముంచడం అక్కడి పందెం. ఏ చదువు సరిగా కుదరడం లేదని కొడుకు చెప్పాడో ఆ చదువును నమ్ముకొనే తండ్రి వాదానికి బయలుదేరాడని ఆమె ఒక్క వాక్యంలో అని, వ్యాఖ్యానం పెట్టకుండా ముందుకు సాగిపోయారు. ఆ సాయంత్రం విన్న వాక్యాలన్నింటిలో నాకు బాగా నిలిచిపోయినది ఇదే.

ఇంత బిగువుగా వచ్చిన కథ ఇక్కడొక పిట్టకథ వల్ల సడలిపోయింది. కొడుకు మార్కుల పట్టీ చూసి కేకలు వేసే తండ్రి, ఆ తండ్రి పాత మార్కుల పట్టీని అటక మీద నుంచి తీసి చూపించే నాయనమ్మ, ఇలాంటి కల్పన అది. నవ్వులు బాగానే పండాయి. కాని సుజాత ఒంటరిగా మిగిలిపోయిన చోట దానిని పెట్టడం తగలేదు, నిడివి కూడా ఎక్కువైంది. పిట్టకథ లేకపోతే హరికథ కాదనేవారున్నారు, నేనూ కాదనను. ద్వారపాలకుని ఘట్టం దాకా ఆగి ఉంటే దానికి చక్కని చోటు దొరికేది.

ఉద్దాలకుని మాట మీద సుజాత, తండ్రి నీట మునిగిన సంగతి కొడుకుకు చెప్పలేదు. ఎనిమిది వంకరలతో పుట్టిన అష్టావక్రుడు తాతనే తండ్రి అనుకొని, తన ఈడువాడైన మేనమామ శ్వేతకేతువును అన్న అనుకొని పెరిగాడు. 12వ ఏట ఒకనాడు తాత ఒడిలో కూర్చుని ఉండగా శ్వేతకేతువు చెయ్యి పట్టి లాగేసి, ఇది నీ తండ్రి ఒడి కాదు అన్నాడు. కథ మొత్తంలో పందిరికి అందరికంటే దగ్గరైనది ఈ ఘట్టమే. మరునాడు తండ్రి ఒడిలో కూర్చోవలసిన వటువు ముందు వరుసలోనే ఉన్నాడు. భాగవతారిణి గారు వాడి వంక ఒక్కసారి కూడా చూడకుండా ఘట్టాన్ని ముగించారు. ఇంకొకరైతే వాడి పేరు పెట్టి పిలిచి, వాడిని సిగ్గుపడేలా చేసి చప్పట్లు కొట్టించుకొని ఉండేవారు. ఏడుస్తూ వచ్చి, మా నాన్న ఎక్కడ అని అడిగిన కొడుకుకు సుజాత ఉన్నది ఉన్నట్టు చెప్పిన వచనంలో పాట లేదు, తాళం లేదు, అలంకారం లేదు. అక్కడ అదే సరిపోయింది.

అష్టావక్రుడు, శ్వేతకేతువు రాత్రికి రాత్రి జనకుని యజ్ఞానికి బయలుదేరడం, దారిలో ఎదురైన రాజుతో దారి ఎవరిదన్న వాదం, పిల్లలకు ప్రవేశం లేదన్న ద్వారపాలకునితో, తల నెరిసినంత మాత్రాన పెద్దవాడు కాడు, చదువుకున్నవాడే పెద్దవాడు అని చెప్పడం ఇవన్నీ తొందరగానే నడిచాయి. జనకుడు అడిగిన ప్రశ్నల దగ్గర మాత్రం ఆమె కథ ఆపి పిల్లలను అడిగారు. కన్ను మూయకుండా నిద్రపోయేది ఏది? చేప అని వెంటనే వచ్చింది. పుట్టినా కదలనిది? గుడ్డు అని ఒక ఆడపిల్ల చెప్పింది. హృదయం లేనిది రాయి అన్నది పెద్దలు అందించారు. తన వేగంతోనే పెరిగేది ఏదన్న ప్రశ్నకు ఎవరూ చెప్పలేకపోగా, నది అని ఆమే చెప్పారు. గోదావరి గట్టున పుట్టి పెరిగిన వాళ్ళం మాకు అది తట్టకపోవడం వింతే.

ఇక వందితో వాదం. ఈ కథను హరికథగా కట్టుకోవడానికి అసలు కారణం ఇదేనని చెప్పవచ్చు. వంది ఒకటి అనే సంఖ్యతో మొదలుపెట్టి, అగ్ని ఒక్కటే, సూర్యుడు ఒక్కడే అంటాడు. అష్టావక్రుడు రెండు అందుకొని ఇంద్రాగ్నులు, అశ్వినులు, బండికి రెండు చక్రాలు అంటాడు. ఇలా ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క శ్లోకంగా 13 దాకా పోతుంది. బేసి సంఖ్యలన్నీ వందివి, సరిసంఖ్యలన్నీ బాలుడివి. అన్ని సంఖ్యల వివరాలూ చెబితే పందిరి ఖాళీ అవుతుందని తెలిసిన భాగవతారిణి గారు ఒక్కొక్కదానికి రెండేసి ఉదాహరణలే ఉంచుకొని, మిగతా పని మృదంగానికి అప్పగించారు. మూడుకు తిశ్రం, నాలుగుకు చతురశ్రం, అయిదుకు ఖండం, ఏడుకు మిశ్రం, తొమ్మిదికి సంకీర్ణం అన్నట్టు నడక మారుతూ పోయింది. తాళం తెలిసినవారు తొడ మీద లెక్క వేసుకుంటున్నారు, తెలియనివారికి వాదం వేడెక్కుతోందని అర్థమవుతోంది. త్రయోదశి తిథి గురించి ఒక మాట, భూమికి 13 ద్వీపాలని ఒక మాట చెప్పి వంది ఆగిపోయిన చోట మృదంగం వారు ముక్తాయింపును, అంటే దరువును ముగించే వరుసను, సగంలో తెంపేశారు. ఒక్క క్షణం ఆగి, మిగిలిన సగాన్ని భాగవతారిణి గారు చిరుతలతో పూర్తిచేశారు. శ్లోకంలోని రెండో సగాన్ని అష్టావక్రుడు పూర్తిచేయడం ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేరు. పందిరంతా గోవింద కొట్టింది.

ఎనిమిదో సంఖ్య అష్టావక్రుడి వంతుకే వస్తుంది. ఎనిమిది కాళ్ళ శరభం, అష్టవసువులు, యజ్ఞంలో ఎనిమిది అంచుల యూపస్తంభం అని చెబుతాడు. తన ఒంటి మీది ఎనిమిది వంకరల ఊసెత్తడు. భాగవతారిణి గారు అక్కడ ఆగి, సభలో అందరి చూపూ ఎటు పోయిందో చిన్న అభినయంతో చూపించారు, చాలా బాగుంది. కాని పదో సంఖ్యను పట్టించుకోలేదు. అదీ బాలుడి వంతే; ఆడవాళ్ళు గర్భాన్ని పది నెలలు మోస్తారన్న మాట భారతంలో ఆ శ్లోకంలోనే ఉంది. కడుపులో ఉండగా శాపం పొందిన కొడుకు, పదో నెలలో తల్లి ఇంటి ఖర్చుకు అడిగినందుకే తండ్రిని పోగొట్టుకున్న కొడుకు, నిండు సభలో ఆ మాట అంటున్నాడు. సుజాత కీర్తనను ఒక్క పాదం మళ్ళీ ఎత్తుకొని ఉంటే సరిపోయేది. ఆమె పది వందలు వెయ్యి అన్న ఉదాహరణ చెప్పి పదకొండుకు వెళ్ళిపోయారు. తరువాత ఈ సంగతి ప్రస్తావిస్తే, ఈసారి తప్పకుండా చేరుస్తానని అన్నారు.

నా అసలు అభ్యంతరం ముగింపు మీద. మూలంలో గెలిచిన అష్టావక్రుడు మెత్తబడడు. బ్రాహ్మణులను ముంచిన వందిని కూడా నీటిలో ముంచమని జనకుని పట్టుబట్టి అడుగుతాడు. తాను వరుణుని కొడుకునని, తండ్రి చేస్తున్న 12 ఏళ్ళ సత్రయాగానికే వారందరినీ పంపానని, వారు తిరిగి వస్తున్నారని వంది చెబుతాడు. అన్నట్లే కహోడుడితో సహా అందరూ నీటి నుంచి లేచి వస్తారు, వంది సముద్రంలోకి వెళ్ళిపోతాడు. కొడుకులో ఉన్నదీ తండ్రి కోపమేనని కథ ఏమీ అనకుండానే తెలియజేసే చోటు ఇది. అటు వంది కూడా ఒక తండ్రి కోసం పనిచేస్తున్న కొడుకే. భాగవతారిణి గారు ఆ పట్టుదలను పూర్తిగా తీసేసి, అష్టావక్రుడు వందిని క్షమించినట్లు మార్చారు. పందిట్లో శాంతం పలకాలన్న ఉద్దేశం కావచ్చు గాని, 12 ఏళ్ళ పిల్లవాడు దానితో ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

కహోడుడి విషయంలో ఇంకా దూరం వెళ్ళారు. మూలంలో అతడు నీటి నుంచి లేచి వచ్చి జనకునితో, ఇందుకోసమే మనుషులు కొడుకులను కోరుకుంటారు, నేను చేయలేనిది నా కొడుకు చేశాడు అంటాడు. తరువాత ఇంటికి చేరాక, తల్లి ఎదుటనే కొడుకుతో ఈ సమంగా నదిలో దిగు అని చెబుతాడు. దిగిన కొడుకు అవయవాలన్నీ చక్కబడతాయి. తప్పయిందని అతడు ఎక్కడా అనడు. ఆమె మాత్రం ఇక్కడ కహోడుడి చేత పశ్చాత్తాప కీర్తన పాడించారు. కొడుకును కౌగిలించుకొని, ఒక్కొక్క వంకరనూ తడుముతూ, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చరణం. ఎనిమిది చరణాలూ పాడారు. రాగం ముఖారి, గాత్రం నిండుగా ఉంది, పందిట్లో కళ్ళు తుడుచుకోనివారు తక్కువ. మా నాన్నగారికి ఆ సాయంత్రంలో అన్నిటికంటే నచ్చినది ఆ కీర్తనే. నాకు మాత్రం, శాపమిచ్చిన నోటితోనే నదిలో దిగమని చెప్పించిన మూలం ముందు ఈ ఏడుపంతా తేలిపోయినట్లు అనిపించింది. గెలిచి వచ్చిన కొడుకును నలుగురిలో పొగడగలిగి, తన తప్పును మాత్రం నోట ఒప్పుకోలేని తండ్రులు మనకు బాగా తెలిసినవారే. అటువంటి తండ్రిని అలాగే ఉంచి చూపే కథలు మన పురాణాల్లో ఎక్కువ లేవు. ఉన్న ఒక్కదానినీ మార్చవలసిన అవసరం కనబడలేదు. మా అన్నయ్యతో ఈ మాట అంటే, ఒడుగు పందిట్లో తప్పు ఒప్పుకోని తండ్రిని చూపిస్తే సంభావన ఎవరిస్తారు అని నవ్వేశాడు. అదీ నిజమే కావచ్చు.

పిలవదలచుకున్నవారికి కొన్ని వివరాలు. కథ రెండున్నర గంటలు సాగింది. పిట్టకథను, చివరి కీర్తనను తగ్గిస్తే రెండు గంటలకు వస్తుంది, కావాలంటే ముందే చెప్పవచ్చు, ఆమె నొచ్చుకోరు. చెప్పిన వేళకు అరగంట ముందే వచ్చి శ్రుతి, మైకు తామే సరిచూసుకున్నారు. షామియానా వాళ్ళు వేదిక మీద దళసరి తివాచీ పరిచి ఉంటే, గజ్జెల చప్పుడు వినబడదని దానిని చుట్టించి బల్లల మీదనే నిలబడ్డారు. మీరు ముందుగానే తివాచీ వేయవద్దని చెబితే ఆ శ్రమ తప్పుతుంది. చేత పట్టుకొనే మైకు పనికిరాదు, రెండు చేతులకూ పని ఉంటుంది కనుక తలకు తగిలించుకొనేది గాని స్టాండు మీదిది గాని ఏర్పాటు చేయాలి. మృదంగానికి విడిగా మైకు లేకపోతే వాద ఘట్టం సగానికి సగం పోయినట్లే. సంభావనలో సగం ముందుగా తీసుకున్నారు, మిగతాది కథ కాగానే తాంబూలంతో పాటు అందుకున్నారు; ప్రయాణ ఖర్చులు అందులోనివే, పైన ఏమీ అడగలేదు.

దసరా నవరాత్రులలో, ధనుర్మాసంలో, శ్రీరామనవమి రోజుల్లో వారు గుళ్ళ కార్యక్రమాలకు వెళతారు కనుక ఇళ్ళకు దొరకడం కష్టం. అష్టావక్రుని కథ ఇప్పుడు సిద్ధంగానే ఉంది గనుక దానికి అదనం ఉండదన్నారు. వేరే కొత్త కథ కావాలనుకొనేవారు ముహూర్తం పెట్టుకున్న రోజే ఫోను చేయడం మంచిది.